గండం గడిచింది... ఆ తరువాత?

చివరి సెలైన్ సీసా తొలగించాక, చివరి రేడియేషన్ మోతాదు పూర్తయ్యాక క్యాన్సర్ ఆసుపత్రుల్లో రోగి బంధువులు ఆత్రంగా ఎదురుచూసే మాట ఒక్కటే- 'ఇక ఇంటికి వెళ్లవచ్చు'. నెలల తరబడి సత్రాల్లోనూ, ఆసుపత్రి వరండాల్లోనూ కాలం వెళ్లదీసిన కుటుంబాలు ఆ మాటతో ఊపిరి పీల్చుకుంటాయి. మొక్కులు తీర్చుకుని, అప్పుల లెక్కలు చూసుకుని, మళ్లీ బతుకుతెరువు వెదుక్కునే పనిలో పడతాయి. ఆసుపత్రి ఇచ్చిన లావుపాటి ఫైలు ట్రంకుపెట్టె అడుగుకు చేరుతుంది. దేశంలో అసంఖ్యాకులకు క్యాన్సర్ వైద్యం అక్కడితో ముగిసినట్లే. ముగియరాదని వైద్యశాస్త్రం దశాబ్దాలుగా చెబుతున్నా, ఆ తరువాతి దశకు ప్రభుత్వ పథకాల్లో గానీ, బడ్జెట్లలో గానీ, బీమా పత్రాల్లో గానీ తగిన చోటు దక్కలేదు. వ్యాధిని జయించినవారి దీర్ఘకాలిక సంరక్షణ ఎవరి బాధ్యత అన్న ప్రశ్న ఇప్పటికీ జవాబు లేనిదిగానే మిగిలింది.

పెరుగుతున్న విజేతలు

క్యాన్సర్ అంటే మరణశాసనమే అనే భావన సమాజంలో ఇంకా బలంగా నాటుకొని ఉంది. గణాంకాలు మాత్రం వేరే కథ చెబుతున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు అనుబంధంగా పనిచేసే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో భారతదేశంలో కొత్తగా 14 లక్షల మందికి పైగా క్యాన్సర్ బారినపడ్డారు. అదే ఏడాది తొమ్మిది లక్షల మందికి పైగా ఈ వ్యాధితో కన్నుమూశారు. ఈ రెండు అంకెలే తరచు పతాక శీర్షికలకు ఎక్కుతాయి. మూడో అంకె ఎవరి దృష్టికీ రాదు. అంతకుముందు అయిదేళ్లలో వ్యాధి నిర్ధారణ జరిగి, సజీవంగా ఉన్నవారు 32 లక్షల మందికి పైగా ఉన్నారన్నదే ఆ అంకె. అయిదేళ్లు దాటి జీవిస్తున్నవారిని లెక్కించేందుకు దేశంలో సమగ్రమైన పట్టికే లేదు.

జాతీయ క్యాన్సర్ నమోదు కార్యక్రమం కింద 2012-15 మధ్య రొమ్ము క్యాన్సర్ నిర్ధారణ అయిన మహిళలను 11 నమోదు కేంద్రాల పరిధిలో పరిశీలించగా, 66.4 శాతం మంది అయిదేళ్లు దాటి జీవించినట్లు తేలింది. అదే కాలంలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ సోకినవారిలో 51.7 శాతం మంది అయిదేళ్ల గడప దాటారు. సంపన్న దేశాలతో పోలిస్తే ఇవి తక్కువే. అయినా ప్రతి ముగ్గురిలో ఇద్దరు, ప్రతి ఇద్దరిలో ఒకరు బతికి బయటపడుతున్నారంటే, వైద్యం తరువాతి జీవితం గురించి ఆలోచించక తప్పని దశకు దేశం చేరుకుందనే అర్థం.

పిల్లల విషయంలో మార్పు మరింత స్పష్టం. లుకేమియాగా పిలిచే రక్త క్యాన్సర్ సోకిన పిల్లలకు 'ఎంసీపీ-841' అనే ఏకరూప చికిత్సా విధానాన్ని ముంబయిలోని టాటా స్మారక ఆసుపత్రి, మద్రాసు అడయారులోని క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్, ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ 1984 నుంచి అనుసరించాయి. అప్పటిదాకా అయిదుగురిలో ఒకరు బతకడమే గగనంగా ఉండేది. ఆ విధానం వచ్చాక ఇంచుమించు సగం మందిని కాపాడగలిగారు. తదుపరి కాలంలో వచ్చిన మెరుగైన పద్ధతులు ఆ నిష్పత్తిని ఇంకా పెంచాయి. నాడు అయిదారేళ్ల ప్రాయంలో మృత్యుముఖం నుంచి బయటపడిన పిల్లలు నేడు నలభై ఏళ్లు దాటిన గృహస్థులు. వారి దేహాలు మాత్రం ఆనాటి మందుల జ్ఞాపకాలను మోస్తూనే ఉన్నాయి.

మందు మిగిల్చే మచ్చలు

క్యాన్సర్ కణాన్ని చంపగల మందు మంచి కణాన్నీ గాయపరచకుండా వదలదు. ఆ గాయం వెంటనే బయటపడకపోవచ్చు. పదేళ్లకో, ఇరవై ఏళ్లకో బయటపడవచ్చు. పిల్లల క్యాన్సర్లలో విస్తృతంగా వాడే డాక్సోరూబిసిన్, డానోరూబిసిన్ వంటి మందులు గుండె కండరాన్ని బలహీనపరచగలవు. శరీర వైశాల్యంలో చదరపు మీటరుకు మొత్తం 250 మిల్లీగ్రాములు, అంతకుమించి డాక్సోరూబిసిన్ పొందినవారిని అధిక ముప్పు గలవారిగా పరిగణించి, రెండేళ్లకోసారి ఎకో పరీక్ష చేయాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. సిస్‌ప్లాటిన్ అనే మందు వినికిడినీ, మూత్రపిండాలనూ దెబ్బతీయగలదు. చిన్నతనంలో మెదడుకు రేడియేషన్ ఇస్తే ఎదుగుదల, జ్ఞాపకశక్తి, చదువు కుంటుపడే ప్రమాదం ఉంది. బాల్యంలోనో, యవ్వనంలోనో ఛాతీకి రేడియేషన్ పొందిన ఆడపిల్లలకు పాతికేళ్ల వయసు నుంచి, లేదా చికిత్స జరిగిన ఎనిమిదేళ్ల తరువాత నుంచి, ఏది ఆలస్యమైతే అప్పటినుంచి, ఏటా రొమ్ము పరీక్షలు అవసరం.

పెద్దల సమస్యలు మరోరకం. పొగాకు మూలంగా మన దేశంలో పురుషులను అధికంగా బలిగొంటున్న నోటి క్యాన్సర్‌నే తీసుకుంటే, మెడకు రేడియేషన్ పొందినవారిలో థైరాయిడ్ గ్రంథి క్రమేణా మందగించవచ్చు. ఆరు నెలలకో, ఏడాదికో ఒక రక్తపరీక్షతో దీన్ని పసిగట్టవచ్చు. పరీక్ష జరగకపోతే నీరసం, మలబద్ధకం, బరువు పెరగడం వంటి లక్షణాలను 'ఆ జబ్బు చేసిన మనిషి కదా' అని సరిపెట్టుకోవడమే మిగులుతుంది. రేడియేషన్ తగిలిన దవడలో పుచ్చిపోయిన పన్నును తెలియక పీకితే ఎముక మానకుండా కుళ్లిపోయే ప్రమాదం ఉంది. పక్క పట్టణంలోని దంతవైద్యుడికి ఆ సంగతి చెప్పేవారెవరు? నోటిలోనో, గొంతులోనో రెండో క్యాన్సర్ తలెత్తే అవకాశం కూడా ఈ రోగుల్లో ఎక్కువే. పొగాకు మానకపోతే ఆ ముప్పు ఇంకా పెరుగుతుంది.

రొమ్ము క్యాన్సర్‌కు శస్త్రచికిత్స జరిగిన మహిళల్లో కొందరికి ఏళ్ల తరువాత కూడా చేయి వాపు వస్తుంది. మొదట్లోనే గుర్తించి కట్టు, వ్యాయామం నేర్పితే అదుపులో ఉంటుంది. నిర్లక్ష్యం చేస్తే వరినాట్లకు, ఇంటిపనికి సైతం పనికిరాని బరువుగా మారుతుంది. హార్మోన్లతో ముడిపడిన రొమ్ము క్యాన్సర్లకు టామోక్సిఫెన్ వంటి మాత్రలను అయిదు నుంచి పదేళ్లపాటు వాడాల్సి ఉంటుంది. జబ్బు నయమైందనుకుని మధ్యలో మానేస్తే అది తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుంది.

వీటికితోడు భారతీయ పరిస్థితులకే ప్రత్యేకమైన సమస్య మరొకటి ఉంది. దేశంలో దానం చేసిన రక్తానికి హెపటైటిస్-సి పరీక్ష 2001లో గానీ తప్పనిసరి కాలేదు. అంతకుముందు క్యాన్సర్ చికిత్సలో భాగంగా పలుమార్లు రక్తం ఎక్కించుకున్న పిల్లల్లో కొందరికి ఆ వైరస్ సోకి ఉండవచ్చు. ఏ లక్షణమూ చూపకుండా కాలేయాన్ని తొలిచేయడం దాని స్వభావం. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద దీనికి మందులు ఉచితంగా లభిస్తున్నాయి. పరీక్ష చేయించుకోవాలన్న సంగతి తెలిసినవారికే అవి అక్కరకొస్తాయి.

పరేల్‌లో పడిన తొలి అడుగు

దీర్ఘకాలిక సంరక్షణ అనేది ధనిక దేశాల విలాసమన్న వాదన తరచు వినిపిస్తుంది. అది సరికాదని నిరూపించిన ప్రయత్నం ముంబయిలో మూడు దశాబ్దాల కిందటే మొదలైంది. టాటా స్మారక ఆసుపత్రిలో డాక్టర్ పూర్ణా కుర్కురే ఆధ్వర్యంలో 1991 ఫిబ్రవరిలో 'చికిత్స అనంతర క్లినిక్' ప్రారంభమైంది. చికిత్స ముగిసి రెండేళ్లు గడిచినా వ్యాధి జాడలు లేని పిల్లలను ఇక్కడ ఏటా పరీక్షిస్తారు. ఏ మందు ఎంత మోతాదులో వాడారో చూసి, ఎవరికి ఏ ముప్పు ఉందో లెక్కగట్టి, దాన్నిబట్టి పరీక్షలు నిర్ణయిస్తారు. చదువు, ఉద్యోగం, పెళ్లి, సంతానం వంటి విషయాల్లోనూ సలహాలు ఇస్తారు. ఒకనాటి పిల్లలు పెరిగి పెద్దవారై, తమ పిల్లలను వెంటబెట్టుకుని అదే క్లినిక్‌కు వస్తున్నారు.

ఈ క్లినిక్ నీడలోనే, 1951లో స్థాపితమైన ఇండియన్ క్యాన్సర్ సొసైటీ అండతో 2009 జూన్‌లో 'ఉగమ్' అనే సంఘం రూపుదిద్దుకుంది. బాల్యంలో క్యాన్సర్‌ను జయించిన యువతీయువకులే దీని సభ్యులు. చికిత్స పొందుతున్న పిల్లల మంచం పక్కన నిలబడి 'మేమూ ఈ మంచంమీద పడుకున్నవాళ్లమే' అని చెప్పగలగడమే వారి బలం. ఆ మాట ఇచ్చే ధైర్యం ఏ కరపత్రమూ ఇవ్వలేదు.

ప్రపంచమంతటా ఈ ఆలోచన బలపడడానికి ఎంతో కాలం పట్టింది. స్వయంగా క్యాన్సర్ బారినపడిన అమెరికా వైద్యుడు ఫిట్జ్‌హ్యూ ములన్ 1985లో రాసిన వ్యాసం, నయమైనవారి జీవితాన్ని ప్రత్యేక దశగా చూడాలని వైద్యలోకాన్ని హెచ్చరించింది. చికిత్స ముగిసిన ప్రతి రోగికీ చికిత్స సారాంశం, భవిష్యత్ పరీక్షల ప్రణాళిక లిఖితపూర్వకంగా అందజేయాలని ఆ దేశ వైద్య సంస్థ రెండు దశాబ్దాల కిందటే సిఫార్సు చేసింది. అక్కడా ఆచరణ అరకొరగానే సాగుతోంది. కానీ బాధ్యత ఎవరిదన్న విషయంలో కనీసం స్పష్టత ఏర్పడింది. మన దేశంలో కొన్ని పెద్ద ఆసుపత్రులకే ఆ స్పృహ పరిమితమైంది.

పథకాలు ఆగే చోటు

పేదవాడికి క్యాన్సర్ చికిత్స అందించే విషయంలో గత రెండు దశాబ్దాల్లో వచ్చిన మార్పును తక్కువ చేయడానికి వీల్లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం క్యాన్సర్ శస్త్రచికిత్స, కీమోథెరపీ, రేడియేషన్‌లను తెల్లకార్డు కుటుంబాలకు అందుబాటులోకి తెచ్చింది. రెండు రాష్ట్రాల్లో పేర్లు, పరిమితులు మారుతూ వచ్చినా ఆ మౌలిక సూత్రం నిలిచింది. కేంద్రం 2018 సెప్టెంబరులో ప్రారంభించిన ఆయుష్మాన్ భారత్ పథకం కుటుంబానికి ఏటా అయిదు లక్షల రూపాయల మేరకు రక్షణ కల్పిస్తోంది.

అయితే ఈ బీమా తరహా పథకాలన్నీ ప్రధానంగా ఆసుపత్రి మంచం చుట్టూ అల్లినవే. ఆయుష్మాన్ భారత్‌లో ఆసుపత్రి నుంచి ఇంటికి చేరాక 15 రోజుల వరకే ఖర్చులకు భరోసా ఉంటుంది. క్యాన్సర్‌ను జయించినవారికి కావలసిన పర్యవేక్షణ రోజుల లెక్కన కాక ఏళ్ల లెక్కన సాగేది. అందులో అధికభాగం మంచంతో పనిలేని ఎకోలు, రక్తపరీక్షలు, మామోగ్రామ్‌లే. లక్షలు వెచ్చించి ప్రాణం నిలబెట్టిన ప్రభుత్వం, ఆ ప్రాణాన్ని కాపాడే వందల రూపాయల పరీక్ష దగ్గర చేయి వెనక్కి తీసుకోవడం ఆర్థికంగా కూడా అవివేకమే. గుండె బలహీనతను మొదట్లో పసిగడితే మాత్రలతో నెట్టుకురావచ్చు. గుండె చేతులెత్తేశాక అదే పథకం కింద అంతకు ఎన్నో రెట్లు చెల్లించాల్సి వస్తుంది.

రానూపోనూ భారమే

ఉచిత పరీక్షలున్న చోట సైతం రోగులు మధ్యలో కనుమరుగు కావడానికి కారణాలు వెదికితే ముందుగా ఎదురయ్యేది దూరం. సాధారణంగా చికిత్స ముగిశాక మొదటి రెండేళ్లు మూడు నెలలకోసారి, తదుపరి మూడేళ్లు ఆరు నెలలకోసారి, ఆపై ఏటా ఒకసారి రమ్మంటారు. ఈ లెక్కన మొదటి అయిదేళ్లలోనే 14 ప్రయాణాలు. ఒక్కో ప్రయాణానికి రెండు రోజులు, వెంట ఒక మనిషి తోడు అనుకుంటే 56 రోజుల కూలి నష్టం. ఛార్జీలు, తిండి, బస ఖర్చులు అదనం. రోజు కూలితో పొట్టపోసుకునే కుటుంబానికి, అందునా ఒంట్లో ఏ బాధా లేని రోజుల్లో, ఈ ప్రయాణం అనవసర వ్యయంగా తోచడంలో ఆశ్చర్యం లేదు.

ఈ భారాన్ని కొంత తగ్గించే సదుపాయం రైల్వేల్లో ఉంది. చికిత్సకే కాకుండా, అనంతర పరీక్షలకు వెళ్లే క్యాన్సర్ రోగులకూ స్లీపర్, ఏసీ మూడో తరగతి ఛార్జీల్లో నూరు శాతం, తోడు వెళ్లేవారికి 75 శాతం రాయితీ లభిస్తుంది. 2020లో కరోనా కాలంలో పలు రాయితీలకు కోత పడినా రోగుల రాయితీ కొనసాగింది. ఆసుపత్రి నిర్ణీత నమూనాలో ధ్రువపత్రం ఇస్తే చాలు. నయమైపోయాం కనుక ఇక తమకు వర్తించదన్న అపోహతో చాలామంది దీన్ని అడగనే అడగరు.

అసలు పరిష్కారం పరీక్షలనే రోగి చెంతకు చేర్చడం. ఆ దిశగా కొంత కదలిక కనిపిస్తోంది. శ్రీకాకుళం, విజయనగరం వాసులు ఒకప్పుడు హైదరాబాద్‌కో, మద్రాసుకో, వెల్లూరుకో పరుగెత్తాల్సి వచ్చేది. టాటా స్మారక కేంద్రం విశాఖపట్నంలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిని నెలకొల్పాక ఆ దూరం తగ్గింది. అసోంలో 2022 ఏప్రిల్‌లో ఒకేరోజు ఏడు క్యాన్సర్ ఆసుపత్రులు ప్రారంభమయ్యాయి. మూడేళ్లలో అన్ని జిల్లా ఆసుపత్రుల్లో క్యాన్సర్ డే కేర్ కేంద్రాలు ఏర్పాటు చేస్తామని, వాటిలో 200 కేంద్రాలను 2025-26లోనే నెలకొల్పుతామని కేంద్ర బడ్జెట్ ప్రకటించింది. ఈ కేంద్రాలు కీమోథెరపీ ఎక్కించే గదులుగానే మిగిలిపోకుండా, నయమైనవారిని పిలిచి పరీక్షించే వేదికలుగానూ పనిచేస్తే దూరాభారం సమస్య చాలావరకు తీరుతుంది.

దాచుకునే జబ్బు

దూరం ఒక్కటే అడ్డంకి కాదు. జబ్బు సంగతి నలుగురికీ తెలిస్తే ఆడపిల్లకు సంబంధాలు రావన్న భయం తల్లిదండ్రులను వెంటాడుతోంది. ఊరు మారి, ఫైలు దాచేసి, పేరెత్తడానికే జంకే కుటుంబాలెన్నో. ఆ మౌనం ఖరీదు ఎంతో గ్రహించాలంటే ఒక సందర్భాన్ని ఊహించుకుంటే చాలు. ఏడేళ్ల వయసులో రక్త క్యాన్సర్‌కు చికిత్స పొందిన బాలిక పెరిగి పెద్దదై, పెళ్లయి, నెల తప్పుతుంది. గర్భిణి గుండెపై భారం పెరగడం సహజం. బాల్యంలో వాడిన మందు ఆమె గుండెను ముందే బలహీనపరచి ఉంటే కాన్పు గండంగా మారవచ్చు. ఒక్క ఎకో పరీక్షతో ముందే జాగ్రత్తపడవచ్చు. కానీ పాత జబ్బు గురించి అత్తవారికి చెప్పలేదు, ప్రసూతి వైద్యురాలికి తెలియదు, అమ్మాయికి కూడా చిన్ననాటి 'పెద్ద జ్వరం' అన్న జ్ఞాపకమే తప్ప మందు పేరు తెలియదు. క్యాన్సర్ అంటువ్యాధి కాదనీ, వ్యాధి నయమైనవారిలో చాలామంది ఆరోగ్యవంతులైన బిడ్డలను కంటున్నారనీ చాటిచెప్పే ప్రచారం జరిగితే తప్ప ఈ దాపరికం తొలగదు.

బీమా రంగంలోనూ ఇదే వివక్ష మరో రూపంలో కనిపిస్తుంది. పూర్వపు జబ్బులకు నిరీక్షణ కాలాన్ని బీమా నియంత్రణ సంస్థ 2024లో గరిష్ఠంగా 48 నెలల నుంచి 36 నెలలకు తగ్గించడం కొంత ఊరట. ఫ్రాన్స్ ఇంకో అడుగు ముందుకేసి, చికిత్స ముగిసి నిర్ణీత కాలం గడిచాక రుణం, బీమా కోరేవారు పాత క్యాన్సర్ గురించి వెల్లడించనక్కర్లేదని 2016లో చట్టం తెచ్చింది. ఆ గడువును 2022లో అయిదేళ్లకు కుదించింది. ఉద్యోగం, రుణం, బీమా వంటి అవకాశాలు మూసుకుపోతే, చావును తప్పించుకున్న మనిషి బతుకు ముందు ఓడిపోక తప్పదు.

ఒక్క కాగితంతో మొదలు

ఇంత పెద్ద సమస్యకు పరిష్కారం ఎక్కడ మొదలుపెట్టాలన్న ప్రశ్నకు నిపుణులు చూపుతున్న తొలి మెట్టు ఆశ్చర్యకరంగా చౌకైనది. చికిత్స ముగిసిన రోజున ప్రతి రోగి చేతికీ ఒకటి రెండు పుటల సారాంశం అందాలి. వ్యాధి పేరు, జరిగిన శస్త్రచికిత్స, వాడిన మందుల మొత్తం మోతాదులు, రేడియేషన్ ఏ భాగానికి ఎంత, ఇకపై ఏ పరీక్ష ఎన్నాళ్లకోసారి, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే రావాలి- ఇవన్నీ అందులో ఉండాలి. రోగికి అర్థమయ్యే తెలుగులోనో, ఒరియాలోనో, భోజ్‌పురీలోనో ఉండాలి. ట్రంకుపెట్టెలోని రెండు కిలోల ఫైలు కన్నా ఆ రెండు పుటలు ఎక్కువ ప్రాణాలు కాపాడగలవు.

ఆ కాగితం చిరిగిపోయినా, పోయినా నష్టం లేకుండా చేసే సాధనం ఇప్పుడు అందుబాటులో ఉంది. 2021లో దేశవ్యాప్తమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద పౌరులకు ఆరోగ్య ఖాతా సంఖ్యలు ఇస్తున్నారు. చికిత్స సారాంశాన్ని దానికి జోడిస్తే, రోగి సమ్మతితో ఏ ఊరి వైద్యుడైనా చూడగలుగుతాడు. దేశంలోని 300కు పైగా ఆసుపత్రులు, సంస్థలను ఒక గొడుగు కిందకు తెచ్చిన జాతీయ క్యాన్సర్ గ్రిడ్, సారాంశానికి ఏకరూప నమూనాను నిర్దేశించి అమలు చేయించగల స్థితిలో ఉంది. గ్రామాల్లో ముప్పై ఏళ్లు దాటినవారికి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షల కోసం ఇళ్లకు వెళుతున్న ఆశా కార్యకర్తలు, అదే గడపలో చికిత్స పొందినవారిని పలకరించి తదుపరి పరీక్ష తేదీ గుర్తుచేయడం అసాధ్యమేమీ కాదు. గర్భిణుల నమోదులో, క్షయ రోగులకు మందులు మింగించడంలో ఈ యంత్రాంగం సత్తా ఇప్పటికే రుజువైంది.

వీటికి తోడు, ఆసుపత్రిలో చేరనవసరం లేని అనంతర పరీక్షలను బీమా పథకాల్లో చేర్చాలి. చేయి వాపు, మాట మందగింపు, దవడ బిగుసుకుపోవడం వంటి వైకల్యాలకు ఫిజియోథెరపీ సేవలను జిల్లా స్థాయిలో కల్పించాలి. చదువుకు దూరమైన పిల్లలను మళ్లీ బడిలో చేర్చే బాధ్యతను విద్యాశాఖ తీసుకోవాలి. వీటిలో ఏ ఒక్కటీ కొత్త ఆసుపత్రి కట్టడమంత వ్యయంతో కూడుకున్నది కాదు. కావలసిందల్లా చికిత్స ముగిసిన రోజును ముగింపుగా కాక, మరో దశకు ఆరంభంగా గుర్తించే దృష్టి.

2030 నాటికి క్యాన్సర్ సోకిన పిల్లల్లో కనీసం 60 శాతం మందిని బతికించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో లక్ష్యం నిర్దేశించింది. ఆ లక్ష్యం నెరవేరితే దేశంలో ఏటా వేలాది పిల్లలు అదనంగా జీవితంలోకి తిరిగివస్తారు. వారికి ఇంకా అరవై, డెబ్బై ఏళ్ల ఆయుష్షు ముందుంటుంది. ఆ సుదీర్ఘ ప్రయాణంలో వారి చేయి పట్టుకునే వ్యవస్థను ఇప్పటినుంచే నిర్మించుకోవాలి. 'ఇక ఇంటికి వెళ్లవచ్చు' అన్న వైద్యుడి మాట వెంటనే 'ఫలానా రోజున, మీ ఊరి దగ్గరే, మళ్లీ కలుద్దాం' అన్న మాట కూడా వినిపించిన నాడే క్యాన్సర్‌పై సాధించిన విజయం సంపూర్ణమవుతుంది.